నీళ్ల కింద ఊరు, కొండ మీద విహారం

మా రైల్వే కాలనీలో ప్రతి పిల్లకీ ఒక అమ్మమ్మగారి ఊరుండేది. సెలవులు రాగానే ఎదురింటి తమిళ పిల్లలు కాట్పాడి వైపు రైలెక్కేవాళ్లు. పక్కింటివాళ్లు కాజీపేట, వెనక వరసలో ఒకళ్లు గుంతకల్లు, ఇంకొకళ్లు షోలాపూరు. నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు కాబట్టి మాకూ పాసులొచ్చేవి. కానీ మా అమ్మమ్మ కాపురం చేసిన ఊరికి ఏ పాసూ పనికొచ్చేది కాదు. అది నాగార్జునసాగరం అడుగున ఉంది.

అమ్మమ్మ ఏడాదిలో సగం మాచర్ల దగ్గర మామయ్య ఇంట్లో, సగం చిలకలగూడలో మా క్వార్టర్లో ఉండేది. సికింద్రాబాదులో ఆమెకు నచ్చింది వర్క్‌షాపు సైరను ఒక్కటే. దాన్నిబట్టి పొయ్యి మీద ఎసరు పెట్టేది. కొత్తవాళ్లెవరు గుమ్మంలోకొచ్చినా మొదటి మాట "మీదే ఊరు?" అనే. కాలనీలో ఆ ప్రశ్నకు నాలుగు భాషల్లో జవాబొచ్చేది. ఆమెను ఎవరైనా తిరిగి అడిగితే మాత్రం "మాదా, కిష్ణలో" అనేది. కృష్ణా జిల్లా అనుకుని తలాడించేవాళ్లు. ఆమె సరిదిద్దేది కాదు.

సాంఘికశాస్త్రం పుస్తకంలో నాగార్జునకొండ గురించి రెండు పేరాలుండేవి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, బౌద్ధ విహారాలు, ఆచార్య నాగార్జునుడు. ఆ పాఠం రోజు లేచి నిలబడి, అది మా అమ్మమ్మవాళ్ల ఊరి దగ్గరే అన్నాను. క్లాసంతా నవ్వింది. పుస్తకంలో ఉన్న చోట ఎవరికైనా అమ్మమ్మ ఉంటుందా? ఇంటికొచ్చి, మనం అక్కడికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టాను.

అమ్మమ్మ ఒప్పుకోలేదు. "నీళ్లని సూట్టానికి అంత దూరం ఎందుకే? పంపు కాడికి పోయి సూడు" అంది. ఆ పంపు దగ్గర నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక, బిందెల వరసలో అమ్మ తెల్లవారుజామునే నిలబడే రోజులవి. చివరికి మామయ్య ఉత్తరం రాశాడు, దసరా సెలవుల్లో తానే విజయపురి సౌత్‌కు వచ్చి దగ్గరుండి చూపిస్తానని. కొడుకు మాట కాదనలేక బయలుదేరింది. 1980ల మొదట్లో సంగతి ఇది.

అఫ్జల్‌గంజ్ దాకా డబుల్ డెక్కరులో పై అంతస్తు ముందు సీటు నాది. అక్కణ్నుంచి గౌలిగూడ బస్టాండు, ఆకాశాన్ని దాచేసే ఆ పెద్ద రేకుల హేంగరు. 2018లో ఒక ఉదయం అది కుప్పకూలిందని పేపర్లో చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది దాని కింద మోగిన కండక్టరు కేకలే. "సాగర్, సాగర్, సాగర్!" ఇబ్రహీంపట్నం దాటాక రాళ్లగుట్టలు, మాల్ దాటాక ఇంకా రాళ్లగుట్టలు. అమ్మ పులిహోర మూటతోపాటు ఉస్మానియా బిస్కెట్ల పొట్లం కూడా తెచ్చింది, తమ్ముడికి ఉస్మానియా లేనిదే ప్రయాణం సాగదు కనక. మల్లేపల్లి వచ్చేసరికి పొట్లం ఖాళీ.

డ్యాం చూడగానే నాన్న మొహం మారిపోయింది. కాంక్రీటు కాదు, రాతి కట్టడం అన్నాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. నాన్న 26 గేట్లనూ బస్సు కిటికీలోంచి వేలు పెట్టి లెక్కపెట్టి, సరిపోయాయని సంతోషపడ్డాడు. అమ్మమ్మ అటు చూడలేదు. కొంగు తల మీదికి లాక్కుని ముందు సీటు కమ్మీ పట్టుకు కూర్చుంది.

మర్నాడు పొద్దున లాంచీ ఎక్కాం. నాగార్జునకొండకు చేరడానికి గంటకు దగ్గర పడుతుంది. జనం బుద్ధుడి గురించీ, చేపల గురించీ, లాంచీ మునిగితే ఏం చెయ్యాలన్న దాని గురించీ మాట్లాడుకుంటున్నారు. కాసేపటికి అమ్మమ్మ లేచి కమ్మీ దగ్గరకు వెళ్లి నిలబడింది. నీళ్లను కాదు, చుట్టూ ఉన్న కొండల అంచుల్ని చూస్తోంది. ఆ లోయకు మూడు వైపులా నల్లమల కొమ్మలు, నాలుగో వైపు కృష్ణ. ఊళ్లు, పొలాలు, బాటలు అన్నీ పోయినా కొండల వరస మాత్రం పోలేదు. ఆమె దాన్ని చదువుతోంది.

"ఆ బోడి గుట్ట కనపడతందా? దానికీ ఈ కొమ్ముకీ నడాన మన సేను." వేలు ఇంకొంచెం పక్కకు జరిపింది. "అదో, అక్కడ మాచర్ల బండ్లబాట దిగేది. దాని కిందనే మన రామాలయం." వేలు చూపించిన చోట లాంచీ ఎర్రజెండా నీడ తప్ప ఏమీ లేదు. అమ్మ అప్పటికి పన్నెండేళ్ల పిల్లగా ఆ ఊరు విడిచింది. "రామాలయం అక్కడ కాదు, ఇంకా ఇవతల" అంది. ఇద్దరూ నీళ్ల మీద చేతులూపుతూ కొట్లాడుకున్నారు. తోటి ప్రయాణికులు వింతగా చూశారు.

తవ్వకాల పుస్తకాల్లో ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెం పేరుంటుంది. మా అమ్మమ్మ కాపురానికొచ్చింది దానికి దగ్గరలోని చిన్న పల్లెకు. పేరు చెప్పినా మ్యాపులో దొరకదు. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాల్ని గుర్తించాడు. మరుసటి ఏడాది నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938 నుంచి టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. డ్యాం కట్టడం ఖాయమయ్యాక, నీళ్లు వచ్చేలోగా లోయ మొత్తం వెతకాలని 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన అసలు పెద్ద పని మొదలైంది. ఆరేళ్లు సాగింది. రాతియుగపు పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగపు కోట దాకా, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, కార్తికేయుడికీ శివుడికీ కట్టిన గుళ్లు, స్నానఘట్టాలు, అశ్వమేధం చేసిన చోటు, అన్నీ బయటపడ్డాయి. మట్టి మోసింది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. అందులో మా తాతయ్య ఒకడు.

"ఏం తవ్వేవాడు తాతయ్య?" అని అడిగాను.

"కూలి" అంది అమ్మమ్మ. "ఇటుక కనపడితే గడ్డపార ఆపేయాలంట. ఇంటికొచ్చి నవ్వేవాడు. మన గోడలో ఇటుకా అదేగా అని."

లాంచీ దిగి మెట్లెక్కాం. మునిగే వాటిల్లో తొమ్మిది కట్టడాల్ని విప్పి తెచ్చి కొండ మీదా, అటు గట్టున అనుపులోనూ తిరిగి కట్టారు. మిగతా వాటిల్లో కొన్నింటికి చిన్న నమూనాలు చేశారు. మామయ్య మాచర్లలో తెలుగు మాస్టారు. సంచీలోంచి సర్కారువారి చిన్న పుస్తకం తీసి, క్లాసులో చెప్పినట్టే చెప్పుకుంటూ నడిచాడు.

సింహళ విహారం దగ్గర ఆగాం. మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ గదుల వరసలు, ఎదురెదురుగా రెండు చైత్యాలు. ఒకదాంట్లో స్తూపం, ఇంకొకదాంట్లో నిలబడ్డ బుద్ధుడు. మనిషికొక గది, గదికొక గుమ్మం, అందరికీ కలిపి ఒక వాకిలి. అచ్చం మా రైల్వే క్వార్టర్ల వరస. తమ్ముడు ఒక్కో గుమ్మం ముందూ నిలబడి "ఇది తమిళోళ్లది, ఇది మనది" అని పంచేశాడు. మామయ్య నవ్వి, నిజమే అన్నాడు. ఇక్కడ ఉండేవాళ్లూ ఈ ఊరివాళ్లు కారు. శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, తామ్రపర్ణి అని పేర్లున్నాయి. తామ్రపర్ణి అంటే సింహళం. అక్కడి థేరులు, అంటే పెద్ద భిక్షువులు, బోధించి మెప్పించిన దేశాలవి. ఆ థేరుల కోసం బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడ చైత్యగృహం కట్టించింది. భిక్షువులు వానాకాలం ఒకచోట ఉండి, మిగతా ఏడాదంతా తిరగాలని నియమం.

అమ్మమ్మకు దేశాల పేర్లు పట్టలేదు. ఒక గదిలోకి వెళ్లి, నాలుగు అడుగులు వేసి కొలిచి, బయటికొచ్చి అడిగింది. "పొయ్యి యాడ?"

"వాళ్లు వండుకోరమ్మా. భిక్షకు వెళ్తారు. భోజనశాల వేరే."

"మరి పెట్టేదెవరు? ఆడాళ్లేగా?"

మామయ్యకు అసలు పాఠం దొరికింది. మహాచైత్యం దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. పాత స్తూపాన్ని కొత్తగా కట్టించింది రాజు కాదు, రాజుగారి మేనత్త. రాజు తండ్రి శాంతమూలుడి సోదరి చాంతిసిరి. ఆ రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టించి, వాటి మీద ప్రాకృతంలో శాసనాలు చెక్కించింది. ఆ రాజు ఆమెకు అల్లుడు కూడా. ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్లనూ అతను చేసుకున్నాడు. ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేస్తే, వాళ్లింటి ఆడవాళ్లు విహారాలు కట్టించారు.

"అయితే మేనరికమా!" అమ్మమ్మ మొహం విప్పారింది. అప్పటిదాకా రాళ్లుగా ఉన్నవి ఆ ఒక్క ముక్కతో ఆమెకు చుట్టాలయ్యాయి. చాంతిసిరికి ఎంతమంది పిల్లలు, హమ్మసిరి పెద్దదా చిన్నదా, కట్నకానుకలేంటి అని మామయ్యను తిప్పలు పెట్టింది. శాసనాల్లో ఉన్నంతవరకు చెప్పాడు. లేనిది ఆమే పూరించుకుంది.

నాన్నకు వేరే సంగతి దొరికింది. పుస్తకంలో మహాచైత్యం పునాది పటం ఉంది. 106 అడుగుల వ్యాసం, నడుమ కుంభం, దాన్నుంచి ఆకులు, బయట చట్రం. బండిచక్రాన్ని నేల మీద పడుకోబెట్టి ఇటుకతో కట్టినట్టే. గోడల మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. "మొత్తం ఇటుకతో పేర్చక్కర్లా. మట్టి బయటికి తొయ్యకుండా ఆకులు ఆపుతాయి, బరువు చట్రం దాకా పంచుకుంటాయి" అన్నాడు. బుద్ధుడి ధర్మచక్రం అని మామయ్య, మంచి ఇంజినీరింగ్ అని నాన్న. ఆ స్తూపంలో దొరికిన చిన్న ఎముక ముక్కను బుద్ధుడి ధాతువుగా భావించి సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారని మామయ్య చెప్పాడు. బుద్ధుడు కూడా ఊరు మారాడన్నమాట అంది అమ్మ.

మ్యూజియంలో పలనాటి పాలరాయి శిల్పాల ముందు అందరూ నిదానంగా నడిచారు. అమ్మమ్మ మాత్రం లోయ మొత్తాన్ని చిన్నదిగా చేసి పెట్టిన నమూనా దగ్గర ఆగిపోయింది. కొండలున్నాయి, నది ఉంది, తవ్వకాల జాగాలున్నాయి. ఆమె వంగి చాలాసేపు వెతికింది. మామయ్య వచ్చి, కొండల్ని చూసి, ఒక చోట వేలు పెట్టాడు. ఆమె ఆ వేలును రెండు వేళ్లతో పట్టుకుని కాస్త ఎడమకు జరిపింది. "ఇక్కడ" అంది.

బయటికొచ్చి చెట్టు కింద పులిహోర తింటుంటే మామయ్య చెప్పాడు. ఒక్కో రాయికీ నెంబరేసి, పటం గీసి, విప్పి, పైకి మోసి, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో అలాగే కట్టారట. నాకు ఒళ్లు మండింది. క్లాసులో నవ్వినవాళ్ల మీద ఉన్న కోపం కూడా అందులో కలిసింది. "రాళ్లనంత జాగర్తగా మోశారు గదా, మీ ఇంటిని ఎందుకు మొయ్యలా?" అన్నాను.

అమ్మమ్మ నా వైపు జాలిగా చూసింది. "పిచ్చిదానా, రాళ్లకి కాళ్లుండయ్యా? మొయ్యకపోతే అవి మునుగుతయ్. మనకి కాళ్లున్నయ్, నడిసొచ్చాం." ఇంకొంచెం పెరుగన్నం పెట్టించుకుంది. "తలుపులు, దూలాలు బండికెక్కిచ్చాం. పొయ్యిరాళ్లు మాత్రం వదిలేశా. కొత్తూళ్లో రాళ్లు దొరకవా?"

ఆ మాటలో దుఃఖం ఉందా లేదా అని నేను చాలా ఏళ్లు వెతికాను. ఉండే ఉంటుంది. కానీ ఆమె చెప్పింది దుఃఖం గురించి కాదు, తేడా గురించి. వెళ్లగలిగినవాళ్లకు మోసేవాళ్లు అక్కర్లేదనుకుంది. ఆ విహారాల్లో ఉన్నవాళ్ల సంగతీ అంతేగా. 4వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజ్యం పోయింది, పెట్టే చేతులు తగ్గిపోయాయి, భిక్షువులు నడిచి ఎటో వెళ్లిపోయారు. గదులు ఉండిపోయాయి. కదల్లేనివే చరిత్ర అవుతాయి. కదిలిపోయినవాళ్లు ఎవరో ఒకరి నోట్లో మాత్రమే మిగులుతారు.

సాయంత్రం అనుపు వెళ్లాం. నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలంలో మధ్యన నిలబడి మామయ్య చప్పట్లు కొడితే పై మెట్టు మీద కూర్చున్న మాకు స్పష్టంగా వినిపించింది. ఆ పైన హారీతి గుడి. పిల్లల్ని కాపాడే తల్లి అని చెప్పగానే అమ్మమ్మ నన్నూ తమ్ముణ్నీ ముందుకు తోసి దణ్ణం పెట్టించింది. బౌద్ధమా, హిందువా అని అడగలేదు. పిల్లల తల్లి కదా, చాలు.

తిరుగు బస్సులో ఆమె చెప్పిన ఇంకో మాట గుర్తుంది. కుడికాలువ నీళ్లు వచ్చాక తమ కొత్త పొలంలో మిరప వేశారట. మొదటి కాపు ఎండబెడుతుంటే తాతయ్య అన్నాడట, మన ఇంటి మీద నుంచి వచ్చిన నీళ్లే ఇవి అని. "దానికేం, పంట బాగా పండింది" అంది అమ్మమ్మ. ఈ మాటను ఎవరి పక్షాన నిలబెట్టాలో నాకిప్పటికీ తెలీదు. మునిగినవాళ్లదీ పండించుకున్నవాళ్లదీ ఒకటే కుటుంబం అయినప్పుడు ఫిర్యాదు ఎవరి మీద రాయాలి?

2004లో సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా హైదరాబాదుకు చేరాయి. అప్పటికి అమ్మమ్మ లేదు. అమ్మ మొదటి బిందె పట్టి, మూత పెట్టకుండా కాసేపు దాని వైపే చూసి, "పంపు కాడ సూడమంది గదా మీ అమ్మమ్మ" అని నవ్వేసింది.

ఇప్పుడు సాగర్ వెళ్లేవాళ్లు ముందు బుద్ధవనం చూస్తున్నారు. 2022 మే 14న తెరిచిన ఆ 274 ఎకరాల తోటలో అమరావతి తీరులో కట్టిన పెద్ద స్తూపం ఉంది. పిల్లలకు బాగుంది, బడి బస్సులు ఆగుతున్నాయి. సూర్యాపేట వైపు ఫణిగిరి గుట్ట మీద నిజాం కాలంలో 1940లలోనే తవ్విన విహారంలో 2024లో ఇంకా కుండెడు సీసపు నాణేలు దొరికాయి. మొత్తం 3,730 నాణేలు, ఇక్ష్వాకుల కాలపువే. అక్కడ గుట్ట గుట్టగానే ఉంది, ఊరు ఊరుగానే ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, చెయ్యి ఎత్తి చూపిస్తే ఆ వైపున నిజంగా ఏదో ఒకటి ఉండటం నాకు వింతగా అనిపించింది.

ఇటు సికింద్రాబాదు కూడా నిలబడి లేదు. కాలనీలో మా వరస క్వార్టర్లు కూల్చేశారు. కొత్త స్టేషను కోసం 2025లో పాత స్టేషను ముందు భవనాన్నీ పడగొట్టారు. దాని రాళ్లకు ఎవరూ నెంబర్లు వెయ్యలేదు, వెయ్యాలనీ నేననను. రైళ్లు రావాలి, జనం వెళ్లాలి. కానీ ఎవరు ఏ గుమ్మంలో ఉండేవాళ్లో చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. మా కాలనీ పాత పిల్లలం ఫోన్లో గ్రూపు పెట్టుకున్నాం గానీ, అందులో పండగ శుభాకాంక్షలే ఎక్కువ.

బోధిసిరి తన శాసనంలో పుణ్యాన్ని తనకొక్కదానికే ఉంచుకోలేదు. భర్త, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఇంకా బంధువులు, అందరి పేర్లూ రాతి మీదకు ఎక్కించి పంచిపెట్టింది. అది చదివాకే నాకు ఆలోచన తట్టింది. అమ్మమ్మ పోయేలోపు ఒక వేసవిలో ఆమెను కూర్చోబెట్టి, ఊళ్లో ఇళ్ల వరస చెప్పించుకున్నాను. రామాలయం నుంచి మొదలుపెట్టి బావి దాకా, అక్కణ్నుంచి తండా బాట మలుపు దాకా. ఎవరి ఇల్లు, ఇంటిపేరేంటి, అరుగు ఎటువైపు, పశువులెన్ని, కోడలు ఏ ఊరి పిల్ల. రూళ్ల నోటుపుస్తకం నిండింది. ఆమె ఎక్కడా తడుముకోలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు టైపు చేసి చుట్టాలందరికీ పంపాను. వెంటనే మాచర్ల నుంచి పెద్దమ్మ కొడుకు ఫోను చేశాడు. కంసాలి ఇల్లు చింతచెట్టుకు అవతల రాశావు, ఇవతల ఉండాలి, మా అమ్మను అడుగు అన్నాడు. పెద్దమ్మను అడిగితే అసలు చింతచెట్టే బావి దగ్గర లేదంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. నిన్న రాత్రి స్పీకరు పెట్టి ముగ్గురూ గంటసేపు వాదించుకున్నారు, ఏదీ తేలలేదు. దసరాకు అందరూ మా ఇంటికే వస్తున్నారు. పటం గీసి తెస్తానని పెద్దమ్మ కొడుకు, తప్పులు దిద్దుతానని అమ్మ.